మెమరీ కార్డులో ఉండిపోయిన అమ్మవారు

రాతి దుమ్ములో ఏ ఫోనూ రెండు మూడేళ్ళకు మించి బతకదు. నా పాత ఫోను ఏడేళ్ళు బతికింది. స్పీకరు రంధ్రాలు పూడిపోయి అవతలి మనిషి మాట బావిలోంచి వచ్చినట్టు వినిపించేది. అద్దం మీద గీతలు పడి ఎవరి ఫోటో తీసినా ముసలివాళ్ళలాగే కనిపించేవాళ్ళు. అయినా అది నన్ను ఏనాడూ మోసం చేయలేదు. దాన్ని చేతులారా తుడిచిపెట్టింది నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒప్పుకున్నాక కూడా నా భార్య ముందు నోరు పెగల్లేదు.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన నాదొక రేకుల షెడ్డు. దానికి శిల్పశాల అని బోర్డు రాయించాను కానీ, ఎండాకాలంలో అందులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. ముప్ఫయ్యేళ్ళకు పైగా అక్కడే కూర్చుని దేవుళ్ళను చెక్కాను. ఎంతమందినని అడిగితే చెప్పలేను. చెక్కిన ప్రతి దేవుడూ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మా పనిలో ఒక తిరకాసుంది. విగ్రహం పూర్తయ్యాక దాన్ని చూసుకునే యోగం చెక్కినవాడికి ఉండదు. వరిగడ్డి చుట్టి, గోతాలు కట్టి పంపిస్తాం. గుడి దగ్గర కొన్నాళ్ళు నీళ్ళలో, కొన్నాళ్ళు ధాన్యంలో ఉంచి, ప్రతిష్ఠ నాడు కబురు పెడతారు. వెళ్ళి గర్భగుడిలో కంటికి చివరి గీత గీసి, అద్దం చూపించి, పెట్టిన పంచె తీసుకుని బయటికి రావాలి. ఆ గడప మళ్ళీ దాటకూడదు. నిన్నటిదాకా ఆ విగ్రహం మీద కాలు ఆనించుకుని సుత్తె కొట్టినవాణ్ణి, గంట గడిచేసరికి వరుసలో నిలబడి దండం పెట్టుకోవాలి. అప్పటికి చీర కట్టి, వెండి కవచం తొడిగి, దండలు వేసి ఉంటారు. మనం ఆరు వారాలు కుస్తీ పట్టిన చేతివేళ్ళు ఎక్కడున్నాయో మనకే తెలియదు.

అందుకే నాకొక అలవాటుండేది. గడ్డి చుట్టే ముందు విగ్రహం మీద బిందెడు నీళ్ళు పోసేవాణ్ణి. నల్లరాయి తడిస్తే గానీ దాని అసలు మొహం బయటపడదు. ఆ తడి ఆరకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసుకునేవాణ్ణి. కొత్తగా బేరానికి వచ్చినవాళ్ళకు చూపించడానికని చెప్పేవాణ్ణి కానీ, ఎక్కువగా చూసుకున్నది నేనే.

వాటన్నిట్లో ఒక ఫోటో వేరు. ఆరేళ్ళ కిందట చాగలమర్రి అవతల ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వాళ్ళ తాతల కాలంలో చేను దున్నుతుంటే దొరికిన అమ్మవారి విగ్రహం ఒకటి ఉండేదట. చెయ్యి విరిగి, ముక్కు అరిగిపోతే, శాస్త్రం ప్రకారం ఏట్లో కలిపేసి కొత్తది పెట్టాలనుకున్నారు. పాతదాని ఫోటో ఉందా అని అడిగాను. లేదన్నాడు.

"మా అమ్మ నగేది కాదప్పా. కోపంగానూ ఉండేది కాదు. రెండిటికీ మధ్యన ఉండేది. అట్ల చెయ్యి" అన్నాడు.

ఇదేం కొలత? మూడు నెలలు తిట్టుకుంటూ చెక్కాను. పెదవి దగ్గర ఒక్క పొర ఎక్కువ లేస్తే నవ్వు వచ్చేస్తుంది, తక్కువైతే మూతి ముడిచినట్టుంటుంది. ఆయన వారానికోసారి వచ్చి, బెంచీ మీద కూర్చుని, తల అడ్డంగా ఊపి వెళ్ళేవాడు. ఒక పొద్దున వచ్చి చూసి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, చెప్పులు విడిచాడు. ప్రతిష్ఠ కూడా కాని రాయికి, నా షెడ్డులో, గ్రైండరు వైర్ల మధ్య దండం పెట్టాడు. ఆ రోజు నేను తీసిన ఫోటో అది.

ఆ తర్వాత నా చేతులు చెడ్డాయి. ఏళ్ళ తరబడి గ్రైండరు అదురుకు వేళ్ళ నరాలు దెబ్బతిన్నాయని నంద్యాల డాక్టరు చెప్పాడు. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడమే ఒక పని. షెడ్డులో వేరేవాళ్ళు చెక్కుతారు. నేను సున్నంతో రాయి మీద గీతలు గీసి, అది తప్పు ఇది తప్పు అని అరుస్తూ ఉంటాను. వాళ్ళకు నా అరుపు అలవాటైంది, నాకు విసుగు అలవాటైంది. పొద్దున్నే టీ తాగుతూ ఆ ఫోటో తీసి చూసుకునేవాణ్ణి. అలాంటి మొహం మళ్ళీ చెక్కలేను. కానీ ఒకసారి చెక్కానని తెలిస్తే ఆ రోజుకు చాలు.

ఇక కార్డు సంగతి. అమ్మవారు వెళ్ళిపోయిన కొన్నాళ్ళకే ఫోను నిండిపోయింది. ఏది నొక్కినా స్టోరేజీ లేదు, ఏదో ఒకటి తీసెయ్యి అని గోల. ఏది తీసెయ్యాలి? నరసింహస్వామినా, ఆంజనేయుణ్ణా? నంద్యాలలో మెమరీ కార్డు కొనుక్కొచ్చి వేశాను. వేయగానే ఫోను రెండు దారులు చూపించింది. కార్డును విడిగా వాడుకుంటావా, ఫోను లోపలి స్టోరేజీలో కలిపెయ్యమంటావా అని. కలిపేస్తే ఫోను పెద్దదవుతుంది కదా, ఇంటికి ఇంకో గది వేసినట్టు అనుకుని, కలిపెయ్యి అని నొక్కాను. ఈ కార్డు ఇక ఈ ఫోనులోనే పనిచేస్తుందని కింద సన్నగా రాసి ఉంది. చదివాను కూడా. అయినా ఎక్కలేదు. పెళ్ళిలో పంతులు చెప్పమన్న మంత్రాలు చెప్పినట్టు, ఫోను అడిగినవాటన్నిటికీ సరే సరే అని నొక్కుకుంటూ పోయాను. ఫోటోలన్నీ కార్డులోకి వెళ్ళాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేదు.

మొన్న ఎండాకాలంలో కొత్త ఫోను కొన్నాను. పాతది నా భార్య అడిగింది.

"నీ చెత్తంతా తీసేసి ఇయ్యి. నాకా రాళ్ళ బొమ్మలొద్దు" అంది.

కార్డు బయటికి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అన్నీ దాంట్లోనే ఉన్నాయి కదా అని ధీమా. తర్వాత పాత ఫోనును పూర్తిగా రీసెట్ చేసి, గుడ్డతో తుడిచి మరీ ఆమె చేతికిచ్చాను. అప్పుడు కార్డును కొత్త ఫోనులో వేశాను. ఈ కార్డు చదవడానికి రావడం లేదు, ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. ఈసారి మాత్రం ఏమీ నొక్కలేదు. తీసి మళ్ళీ పాతదాంట్లో వేస్తే అదీ అదే మాటంది. మరునాడు పొద్దున్నే నంద్యాల బస్సెక్కాను.

బస్టాండు దగ్గరి సందులో ఫోన్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. నలభై దాటినవాడు, నిదానస్తుడు. కార్డును తన ఫోనులో, తర్వాత కంప్యూటరులో పెట్టి చూశాడు.

"ఇది యా ఫోన్లో ఉండెనప్పా?"

"పాతదాంట్లో. అది ఇంట్లోనే ఉండాది."

"ఇంకేం మరి. దాన్ని తీసుకురా, పనైపోతాది."

"దాన్ని రీసెట్ కొట్టి మా ఇంటామెకిచ్చినా భాయ్."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"యా అల్లా! ఏం పని చేస్తివప్పా? ఇంటర్నల్ అని నొక్కినావు సూడు, అప్పుడే ఫోను ఈ కార్డుకు బీగమేసి తాళంచెవి తన దగ్గర పెట్టుకునింటాది. నువ్వు ఆ చెవి తుడిచేసినావ్. ఫోటోలు యాడికీ పోలేదు, ఈడనే ఉండాయి. కానీ తెరిసేకి కాదు."

"పగలగొట్టేకి కాదా?" అన్నాను. జీవితమంతా పగలగొట్టి బతికినవాణ్ణి, ఇంకేం అడుగుతాను?

"రాయి కాదు గదప్పా ఇది. హైదరాబాదుకు పోయినా ఇదే చెప్తారు. ఎవడన్నా దుడ్లు తీసుకుని తెరుస్తానంటే వాడు అబద్ధం చెప్తాండాడనుకో. నెట్టులో ఏమన్నా దాచి పెట్టినావా?"

పెట్టలేదు. డేటా అయిపోతుందని ఫోటోలు నెట్టులోకి ఎక్కకుండా మొదట్లోనే ఆపేశాను. భాయ్ నా దగ్గర పైసా తీసుకోలేదు. టీ తెప్పించి, కార్డును చిన్న కాగితంలో మడిచి ఇచ్చాడు. అంత మర్యాదగా ఇస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ నెలంతా తెలిసింది. ఎవరెవరికి ఏ ఫోటో పంపానో గుర్తు చేసుకుని ఫోన్లు చేశాను. కొందరు నంబరు మార్చారు, కొందరు ఫోను మార్చారు. బనగానపల్లె నుంచి ఒకాయన తమ వినాయకుణ్ణి పంపించాడు. మసకబారి, పైన గులాబీ పువ్వు, శుభోదయం అన్న అక్షరాలు. అమ్మవారిని చెక్కించిన పెద్దాయన కరోనాలో పోయాడట. ఆయన ఫోను ఎవరూ ఉంచలేదు. ప్రతిష్ఠ నాటి ఫోటోలు ఆ ఊళ్ళో ఉన్నాయి కానీ, అన్నిట్లో చీరలూ దండలూ మనుషుల తలలే.

నేను అన్నం దగ్గర కూడా చిరాకు పడుతుంటే చూసి చూసి నా భార్య ఒకరోజు కసిరింది.

"ఫోటో పోతే అమ్మోరు పోయినట్టా? ఆడనే ఉండాది గదా. శుక్రవారం అభిషేకానికి చీర తీస్తారు. పోయి కండ్లార చూసొద్దాం పా."

ఇంత చిన్న సంగతి నాకు తట్టనే లేదు. ఫోను పట్టుకుని కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగాను గానీ, మనిషినైతే ప్రతిష్ఠ తర్వాత ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

చాగలమర్రిలో బస్సు దిగి ఆటోలో వెళ్ళాం. గుడి గుర్తుపట్టలేకపోయాను. ముందు టైల్స్ వేసిన మండపం, టెంకాయల అంగళ్ళు, ప్రదక్షిణలకు కట్టిన ఇనుప కమ్ములు. అభిషేకం టికెట్టు తీసుకుని వరుసలో నిలబడ్డాం. మా ముందున్న ఆమె ప్రొద్దుటూరు నుంచి వచ్చిందట. నా భార్యను మొదటిసారా అని అడిగి, తనే చెప్పడం మొదలుపెట్టింది.

"శానా మహిమ గల తల్లి. చెక్కింది కాదు, చేన్లో తనంతట తానే వెలిసింది. నాగలికి తగిలితే రక్తం వచ్చిందంట."

నా భార్య నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. పాత విగ్రహం కథ కొత్తదానికి అంటుకుంది, అంతే. దానికి ఎవరినని ఏం లాభం?

తెర తీశారు. అమ్మవారి నడుముకు చిన్న గుడ్డ తప్ప ఏమీ లేదు. పూజారి బిందె ఎత్తి నీళ్ళు పోశాడు. రాయి తడిసింది, మొహం బయటికొచ్చింది. నవ్వూ కాదు, కోపమూ కాదు. ఎడమ చెవి కింద ఉలి జారిన చోట నేను సరిచేసిన చిన్న నొక్కు కూడా కనిపించింది. చెయ్యి నాకు తెలియకుండానే జేబులోని ఫోను మీదికి పోయింది.

"అప్పా, లోపల ఫోన్ ఎత్తగూడదు" అన్నాడు పూజారి. కొత్తవాడు, చిన్న వయసు. మాటలో విసురు లేదు.

నా భార్యకు అప్పటిదాకా పట్టిన ఓపిక అయిపోయింది.

"సామీ, ఆ తల్లిని చెక్కింది ఈయనే. ఆళ్లగడ్డలో, మా షెడ్డులో."

వరుసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ప్రొద్దుటూరు ఆమె చెంపలు వేసుకుంది. పూజారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

"అట్లనా అమ్మా? చెక్కినప్పటి ఫోటో ఏమన్నా ఉంటే చూపించండి, కమిటీవాళ్ళకు చెప్తా."

"లేదు సామీ" అన్నాను.

ఇంకేం చెప్పాలి? కార్డులో ఉంది గానీ తెరవడానికి రాదని చెప్పనా? వెనకవాళ్ళు తోస్తున్నారు. నాకు కోపం రాలేదు, సిగ్గు కూడా వేయలేదు. ఒళ్ళంతా ఒకటే అలసట. అక్కడే గడప మీద కూర్చుండిపోవాలనిపించింది. పూజారి నా టికెట్టు అందుకుని, గోత్రమూ పేరూ చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన అమ్మవారి వైపు తిరిగి, రెండూ గట్టిగా చదివాడు, నన్ను ఆమెకు పరిచయం చేస్తున్నట్టు.