ఏడు ఆలస్యాలు

2024 అక్టోబరు 17, గురువారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఫారెన్‌హీట్‌లో నలభై ఎనిమిది డిగ్రీల చలి. ఎండ ఉంది గాని వేడి లేదు. కౌంటీ కోర్టులో మూడో వరుస బెంచీ మీద, మోరిస్‌విల్‌లో పదకొండేళ్ళుగా నేనెరిగిన కుటుంబం పక్కన కూర్చున్నాను. వాళ్ళమ్మాయి కాలేజీ సాకర్ జట్టులో ఆడుతుంది. గంటకు అరవై ఐదు మైళ్ళు దాటకూడని రోడ్డు మీద తొంభై ఒకటిలో కారు నడిపిందని కేసు. నేరం రుజువైతే ఆ సీజన్‌కు జట్టులో చోటు ఉండదు. మిగిలినవి నాలుగు ఆటలు. వాటిలో ఆమెను చూడడానికే ఒక ప్రొఫెషనల్ క్లబ్బు వాళ్ళు వస్తామన్నారు.

ముప్పై ఒక్క ఏళ్ళు స్టాటిస్టిక్స్ బోధించి రిటైరైన వాణ్ణి. ఆ సబ్జెక్టులో ఆమె ఒకసారి తప్పింది. మూడు క్రెడిట్లు రాకపోతే పట్టా ఆగిపోతుంది. అందుకని ఆగస్టు 20 నుంచి మంగళ, బుధవారాల్లో సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో పాఠం పెట్టాను.

"అంకుల్, ప్రాక్టీస్ ఫైవ్ థర్టీకి అయిపోతుంది. సిక్స్ ఫిఫ్టీన్ ఓకేనా?" అని మొదటి రోజే అడిగింది.

"ఆరంటే ఆరే."

"రెఫరీ కూడా ఇంజరీ టైమ్ ఇస్తాడు, అంకుల్," అని నవ్వింది.

నేను నవ్వలేదు. వచ్చిన వేళ నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. మైదానం నుంచి మా ఇంటికి ఇరవై ఆరు మైళ్ళని తెలిసీ, ఆ అంకెను ముప్పై నిమిషాల పక్కన పెట్టి చూడలేదు.

కేసు పడ్డాక వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, లాయర్ క్యారెక్టర్ లెటర్స్ అడుగుతున్నాడు. మీలాంటి పెద్దవాళ్ళు రెండు మంచి ముక్కలు రాస్తే చాలు."

అంకెలు లేని మంచి ముక్కలు రాయడం నాకు చేతకాదు. అక్టోబరు 10న రాశాను: పదహారు పాఠాలకు పదహారూ వచ్చింది, పరీక్షలో ఎనభై రెండు తెచ్చుకుంది, ఏడుసార్లు ఆలస్యంగా వచ్చింది. నిష్పక్షపాతంగా రాశానని సంతోషించాను కూడా. ఉద్యోగంలో ఉన్నప్పటి అలవాటు ప్రకారం కవరు అంటించి, అతుకు మీద సంతకం చేసి ఇచ్చాను. నా మీద గౌరవం కొద్దీ వాళ్ళు దాన్ని విప్పలేదు. లాయరు కూడా విప్పకుండానే మిగతా ఉత్తరాలతో కలిపి ఇచ్చాడు.

ఆ గురువారం కోర్టులో, కేసును చిన్న తప్పుగా తగ్గించాలా వద్దా అని చూస్తున్న ప్రాసిక్యూటరు ఆ కవరు చించి, నా వాక్యమే పైకి చదివింది. వేళ పాటించకపోవడం, ఆ ఆలస్యాన్ని రోడ్డు మీద పూడ్చుకోవడం ఈ అమ్మాయికి అలవాటని ఆమె తరఫు పెద్దమనిషే రాశారంది. తగ్గించనంది. ఆ తరువాత పోలీసు కాగితం చదివారు: సెప్టెంబరు 4, బుధవారం, సాయంత్రం అయిదు గంటల యాభై ఒక్క నిమిషం. రోడ్డు పేరు కూడా చదివారు. మా ఇంటికి వచ్చే రోడ్డు అది.

నేరం రుజువైంది. లైసెన్సు కూడా పోయింది.

ఇంటికి వచ్చి నోటుబుక్కు తెరిచాను. సెప్టెంబరు 4కు ముందు అయిదు పాఠాలు. అయిదింటికీ ఆరులోపే వచ్చింది. ఏడు ఆలస్యాల్లో మొదటిది ఆ రోజుదే, ఇరవై నాలుగు నిమిషాలు. మిగతా ఆరూ ఆ తరువాతివి. అంటే కేసు పడ్డ నాటి నుంచి నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చింది. ఆమెను కాపాడగల సాక్ష్యం నా చేతిరాతలోనే ఉంది. మొత్తం కూడి, తేదీలు వదిలేశాను.

మర్నాడు ఆమెను అడిగాను, మా ఇంటికి పాఠానికి వస్తూనే పట్టుబడ్డానని ఎందుకు చెప్పలేదని.

"మీరు అడగలేదు, అంకుల్. ఎన్ని మినిట్స్ లేటో అదే అడిగారు." కోపం లేకుండానే అంది. ఉంటే బాగుండేది.

ఆ తరువాతి పాఠాలకు నేనే క్యాంపస్‌కు వెళ్ళాను. రెండుసార్లు ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యమయ్యాను. ఆమె ఎక్కడా రాసుకోలేదు.

చివరికి తేలిన లెక్క ఇది. పట్టాకు కావలసిన క్రెడిట్లు నూట ఇరవై, వచ్చినవి నూట ఇరవై. మిగిలిన ఆటలు నాలుగు, ఆడినవి సున్న. క్లబ్బు నుంచి వచ్చిన పిలుపులు సున్న. ఆలస్యాలు ఏడు, ఏడూ నా ఖాతాలోవే.