స్వామి కంకణం, ట్రాక్టరు ముల్లు

మొన్న మా వంటింట్లో కుళాయి మార్చడానికి వచ్చిన పెద్దాయన, ఇప్పటివాళ్లు వాడే తెల్ల టేపు కాకుండా సంచిలోంచి నూలు దారం తీసి, కుళాయి మరల మీద ఒద్దికగా చుట్టి, దానిమీద వేలితో సఫేదా పూశాడు. అవిసె నూనె కలిసిన ఆ తెల్లటి ముద్ద వాసన తగలగానే నేను హనుమకొండలో లేను. రఘునాథపల్లి దాటి లోపలికి పోతే వచ్చే మా ఊళ్లో, రేకుల కొట్టం కింద, బానెట్ ఎత్తిన మా చిన్న ట్రాక్టరు పక్కన, వేళ్లకు సఫేదా అంటించుకుని నిలబడ్డ మా బాపు ఎదుట ఉన్నాను.

బాపుకు నరసింహస్వామి ఎంతో ట్రాక్టరూ అంతే అని ఊళ్లో నవ్వేవారు. అది నిజం కాదు, స్వామి తర్వాతే ట్రాక్టరు. శనివారం ఎంత పనున్నా పొద్దు వాలేసరికి బండిని కొట్టంలో పెట్టి, తలస్నానం చేసి, నామం దిద్దుకుని, మా వరండాలో చాప పరిచేవాడు. ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవారు. తాళాల చప్పుడు, హార్మోనియం పాత తోలు వాసన, అగరొత్తుల పొగ, లోపల అమ్మ శనగ గుగ్గిళ్లకు పెట్టే పోపులో ఎండుమిర్చి ఘాటు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. మేం పిల్లలం ఒక మూల అష్టాచెమ్మ ఆడుతూనే, పల్లవి వచ్చినప్పుడల్లా గవ్వలు గుప్పిట్లో పట్టుకుని వంత పాడేవాళ్లం. పాటకూ పాటకూ నడుమ బాపు పురాణంలోంచి ఒక ఘట్టం చెప్పి, దాన్ని పత్తి చేనులోకీ పశువుల కొట్టంలోకీ తెచ్చి విప్పి చెప్పేవాడు. నాకు చదువు బడిలో వచ్చింది, దేవుడు ఆ చాప మీద దొరికాడు.

ఆ ట్రాక్టరు పత్తి సాళ్ల మధ్య పట్టేంత సన్నటిది. తొలకరి పడి, మొక్క మోకాలెత్తు లేచి, నడుమ గడ్డి కమ్ముకునే రోజుల్లో ఊరంతా బాపు కోసమే ఎదురుచూసేది. కానీ అంతకుముందు ఏడాది ఇంజన్‌లో నీళ్లు మరిగిపోయి హెడ్డు పాడైంది. బాగుచేసిన మెకానిక్, ఇంకోసారి ఇట్లా కాగితే ఇంజన్ పనికిరాదని చెప్పి పంపాడు. వేడి చూపించే మీటరు మేం కొన్నప్పటినుంచే చచ్చిపోయి ఉంది. బండి పోతే బాపు వరంగల్‌లో మా మేనమామల దగ్గర మరమగ్గాల మీద కూర్చోవాలి, ఇంటికి తాళం పడాలి, శనివారం చాప చుట్టేయాలి. కేసముద్రం నుంచి ఒకాయన బండిని కొంటానని అడగడానికి రెండుసార్లు వచ్చి, టైర్లను కాలితో తట్టి చూసి పోయాడు కూడా. ఆయన వచ్చి పోయిన రోజు బాపు అన్నం సగంలో లేచేవాడు.

అందుకే మీటరు వేయిద్దామన్నాడు మా చిన్నాయన. బాపుకు తమ్ముడు, ఊళ్లో మోటార్లు, కరెంటు పనులు చూసేవాడు, భజనకు వస్తాడు గానీ నోరు విప్పడు, తాళం వేసి ఊరుకుంటాడు. హనుమకొండ నుంచి గుండ్రటి మీటరు ఒకటి, బొటనవేలంత ఇత్తడి సెన్సరు ఒకటి తెచ్చాడు. సెన్సరు మన ఇంజన్ రంధ్రానికి సరిపోదు కాబట్టి నడుమ వేయడానికి లేత్ షాపులో బుష్ కూడా చేయించుకొచ్చాడు. రేడియేటర్ నీళ్లు గంగాళంలోకి వంపి, హెడ్డు మీది పాత బిరడా విప్పి, "అన్నా, బుష్షు ఇంజన్‌కు, సెన్సరు బుష్షుకు, గంతే. బిగించుడు నీ పని, వైరు వచ్చి నేను కలుపుత" అని ఎవరిదో మోటారు చూడడానికి పోయాడు.

ఆ వారమే మా ఊళ్లో స్వామి కళ్యాణమైంది. అమ్మ పుట్టింటివాళ్లు నేతపనివాళ్లు; కంకణాల నూలు ఏటా వాళ్లే పంపేవారు. పసుపు ముద్దలో తడిసి, స్వామి పాదాల దగ్గర ఉండి వచ్చిన ఆ దారంలో కొంత మా దేవుడి గూట్లో మిగిలింది. నీళ్లు కారకుండా మరలకు ఎలాగూ నూలు చుట్టాలి కదా, ఏ నూలో ఎందుకు, స్వామి నూలే చుడదామనుకున్నాడు బాపు. దండం పెట్టుకుని, బుష్షుకూ సెన్సరుకూ మందంగా చుట్టి, సఫేదా దట్టించి, పళ్లు బిగబట్టి తిప్పి బిగించాడు. చుక్క కారలేదు.

ఆ రోజునుంచి బండి ఎంత తోలినా మీటరులో ముల్లు అడుగున చలువ గీత దగ్గరే పడుకుని ఉండేది. భజనవాళ్లు వచ్చి చూసి దండం పెట్టారు. చిన్నాయన ఒక్కడే అద్దం మీద వేలితో కొట్టి చూశాడు.

"అన్నా, ముల్లు అసలు లేస్తలేదే."

"ఎందుకు లేస్తదిరా, స్వామి కంకణం కట్టిన గద."

"ఇంజన్‌కు పెండ్లి చేసినవా ఏంది?"

"నీకు నమ్మకం తక్కువ రా. పో, పోయి తాళమెయ్యి."

అంతకుముందు ప్రతి సాలు కొసన బండి దిగి రేడియేటర్ దగ్గర చెయ్యి పెట్టి చూసుకునే బాపు, ఇక దిగడం మానేశాడు. ముల్లును చూసి పాట అందుకుని మళ్లీ సాల్లోకి తిప్పేవాడు.

వాన వెనక్కి తగ్గిన ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ చేనుకు సద్ది తీసుకుపోయాం. అంబలి, ఉల్లిగడ్డ, చింతకాయ తొక్కు. గట్టు మీద మూట దించుతూ అమ్మ ఆగిపోయింది.

"పసుపు మాడుతాంది," అంది.

చేనులో పసుపేమిటని నేను అటూ ఇటూ చూసేలోపే అమ్మ సాళ్లకు అడ్డంపడి, కొంగు ఊపుతూ పోయింది. "బండి ఆపుండ్రి! ఆపుండ్రి ముందుగాల!"

బాపు ముల్లు వైపు చూపించాడు. "సల్లగున్నది గదనే, చూడు."

"గా ముల్లును కాదు, నా ముక్కును నమ్ముండ్రి. ఆపుండ్రి."

ఆపిన నిమిషానికే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఫ్యాన్ బెల్టు తెగి కింద వేలాడుతోంది. బాపు ఆ నాగటిసాల్లోనే కూలబడి రెండు చేతులూ తలకు పెట్టుకున్నాడు. స్వామిని ఒక్క మాట అనలేదు. "నన్ను మోసం జేసింది ముల్లా, నేనా?" అని మాత్రం గొణిగాడు.

కబురు అందుకుని చిన్నాయన వచ్చాడు. ఇంజన్ చల్లబడేదాకా ఆగి, నీళ్లు పోసి, కొత్త బెల్టు వేసి స్టార్ట్ చేస్తే మామూలుగానే పలికింది. అమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. బండిని కొట్టంలోకి తెచ్చాక చిన్నాయన సెన్సరు నుంచి వైరు పీకి, దాని కొసను ఇంజన్ ఇనుముకు తాకించాడు. చచ్చినట్టు పడున్న ముల్లు ఒక్క ఎగురు ఎగిరి చివరికి పోయింది.

"మీటరు బాగనే ఉన్నది, వైరు బాగనే ఉన్నది. సెన్సరుకే ఎర్తు దొర్కుతలేదన్నా. దాని ఒళ్లు ఇంజన్‌కు తాకితేనే ముల్లు లేస్తది. నీ నూలు, నీ సఫేదా తాకనిస్తలేవు."

"ఎర్తంటే భూమే గద?"

"భూమే."

"అయితే స్వామికి, భూదేవికి నడుమ నేనే అడ్డం గూసున్న," అన్నాడు బాపు. చిన్నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. బాపూ నవ్వాడు, కానీ స్పానర్ అందుకోలేదు. స్వామి పేరున కట్టినదాన్ని తెంపి పారేయడానికి చెయ్యి రాలేదు. చీకటి పడబోతోంది, పొద్దున్నే ఇంకొకరి చేను ఉంది.

అమ్మే అంది, "కళ్యాణంల కంకణం కడితిరి. అయిపోయినంక విప్పిండ్రా, లేదా? దీన్ని విప్పలే, గంతే గద."

బాపు ముఖం విచ్చుకుంది. కంకణం కట్టడం ఎంత శాస్త్రమో, పని తీరాక విప్పడమూ అంతే శాస్త్రం. ఆ సంగతి అందరికీ చెప్పేవాడే ఇంజన్ దగ్గర మరిచాడు. కాళ్లు కడుక్కుని వచ్చి, విప్పేటప్పటి శ్లోకం రాగం తీసి చదివి, సెన్సరూ బుష్షూ విప్పి, సఫేదాలో మెత్తబడి, కొసలు మాడిన ఆ పసుపు నూలును చుట్టుచుట్టుగా వలిచి తులసి కోటలో పెట్టాడు. మరలు గుడ్డతో తుడిచి, ఇత్తడిని ఉత్తదే గట్టిగా బిగించాడు; అయినా చుక్క కారలేదు. బండి స్టార్ట్ చేస్తే ముల్లు మెల్లగా, నిద్రలేచిన పసిపిల్లలా పైకి వచ్చి నడుమ నిలబడింది. ఇంజన్ వేడెక్కిందని చూసి అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ కోపమొచ్చే స్వామి, అమ్మ ముక్కులో కూర్చుని మమ్మల్ని కాచాడని వచ్చిన శనివారం బాపు చెప్పాడు. నేను ఇప్పటికీ అదే నమ్ముతాను.

కేసముద్రం ఆయన మళ్లీ రాలేదు. నా చదువు, పెళ్లి అన్నీ ఆ బండి మీదే నడిచాయి. ఇప్పుడు బాపు లేడు, బండి తుక్కుకు పోయింది. మా ఊళ్లో భజన స్పీకరులో వస్తుంది, చాప మీద కూర్చునేవాళ్లు లేరు. ఇక్కడ మా అపార్టుమెంటు కింద కార్లకూ స్కూటర్లకూ ఏటేటా ఆయుధపూజకు కట్టిన దారాలు దుమ్ముపట్టి నల్లబడి, ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉంటాయి. విప్పడమనే పని ఒకటి ఉందని తెలిసినవాళ్లు కనబడరు.

మొన్న దసరా గడిచాక మా స్కూటీ దారం విప్పుదామని కూర్చుంటే శ్లోకం సగంలో ఆగిపోయింది. మిగతాది అడగడానికి ఎవరున్నారని, చిన్నాయనకు ఫోన్ చేశాను. ఎన్నడూ నోరు విప్పని మనిషి, అచ్చం బాపు తీసిన రాగంలోనే, ఒక్క అక్షరం పోకుండా చివరిదాకా చదివాడు.

"ఇప్పినవా బిడ్డా?" అన్నాడు.

"విప్పిన చిన్నాయినా."

"మంచిది. నీ పిల్లలకు గూడ ఫోనియ్యి. ఇంకోసారి చదువుత."