నీలి థీములో దాగిన అక్షం

2004 జూన్‌లో అమలాపురంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేరు సంస్థలో సీనియర్ ప్రోగ్రామరుగా చేరాను. మేము చార్టులు గీసే లైబ్రరీ తయారుచేసేవాళ్లం. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల గది కాదు. అంకెలు ఇస్తే గీతలూ స్తంభాలూ గీసిపెట్టే కోడు. వేరే ప్రోగ్రాములు దాన్ని పిలిచి వాడుకుంటాయి. నాకు అప్పగించిన పని దానికి థీములు చేర్చడం. అంతవరకు ప్రతి చార్టుకూ రంగు, అక్షరాల సైజు, గీత మందం విడివిడిగా రాసేవారు. ఒక కస్టమరు ఆకుపచ్చ వద్దంటే అన్ని చార్టుల కోడూ తెరిచి మార్చాలి. థీములో ఇవన్నీ ఒకచోట రాసి పేరు పెడతాం. ఆ పేరు చెబితే ఏ చార్టయినా ఆ రూపంలో వస్తుంది.

కొత్త థీముకు నేనొక పరీక్ష పెట్టాను. ఒకే అంకెలతో పాత థీములోనూ కొత్త థీములోనూ చార్టు ప్రింటు తీసి, రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూడాలి. రంగు మారవచ్చు, గీత ఎత్తుపల్లాలు మారకూడదు. "బాబుగారు దొంగనోట్లు చూస్తున్నారండి" అని మేనేజరు అనడం విన్నాను. విననట్టే ఉన్నాను.

ఆ ఏడు చివర ముమ్మిడివరం వైపు నుంచి ఒక పని వచ్చింది. అక్కడ ఒక మురుగు కాలువకు పైన రొయ్యల చెరువులు, కింద వరిచేలు. చెరువుల నీటితో కాలువ ఉప్పెక్కుతోందని వరి రైతులు, లేదని చెరువులవారు. ఇరువర్గాలూ వేసుకున్న కమిటీ, కాలువ నీటి కొలతలకు చార్టు గీయమని మాకు అప్పగించింది. దాన్ని చూసి కొత్త చెరువులకు ఒప్పుకోవాలో వద్దో తేల్చుకుంటారు. ఉప్పు నిజమైతే, ఒప్పుకున్నాక కింది చేలు మిగలవు.

కమిటీ తరఫున వచ్చినవారు వెంకటరత్నం, చెరువుల యజమాని. ఆయన చెరువుల నేలలో కొంత ఒకప్పుడు మా కుటుంబానిది. అమ్మింది మా నాన్నగారు. కొన్నవారిని తప్పుపట్టే అలవాటు మాకు లేదు. కాని ఆ మనిషి అంకెల గురించి ఒక్క మాటా అడగకుండా, నీలిరంగు థీము కావాలంటూ మా ప్రోగ్రామరు సూర్యకుమారి పక్కన మధ్యాహ్నమంతా కూర్చోవడం నాకు నచ్చలేదు. ఆమె తమ్ముడు ఆయన దగ్గరే పనిచేస్తున్నాడని నాకు తెలుసు.

"చూడ్డానికి చల్లగా ఉండాలండి, అంతే" అన్నారు వెళ్తూ.

తర్వాత కొలతలు వచ్చాయి, చార్టు చల్లగానే వచ్చింది. మొదటి ప్రింటు వెంకటరత్నం అప్పుడే పట్టుకెళ్లారు. నేను మరో ప్రింటు తీసి చూస్తే గీత కాగితం అడుగున బల్లపరుపుగా ఉంది. అంకెలు మార్చారనుకుని కొలతల అసలు కాగితాలతో సరిచూశాను. ఒక్కటీ మారలేదు. దాంతో నా అనుమానం తగ్గాలి, పెరిగింది. కిటికీ దగ్గర పెట్టి చూస్తే, మామూలు థీములో అవే అంకెలు నెలనెలా పైకెక్కుతున్నాయి.

సూర్యకుమారి చేత థీము తెరిపించాను. రంగుల కింద, చివరి వరుసలో, నిలువు అక్షం పై కొస రాసి ఉంది. అక్షమంటే చార్టు పక్కన ఉండే కొలత గీత. దాన్ని సముద్రపు నీటి ఉప్పు దాకా లాగారు. వరి చచ్చిపోయేంత ఉప్పు కూడా ఆ ఎత్తు ముందు అడుగునే కనిపిస్తుంది.

"ఇది రంగా?" అన్నాను.

"కాదండి. ఆయన అడిగేరు, పెట్టేను. కస్టమరు ఏది అడిగినా థీములో పెట్టెయ్యమని మేనేజరు గారే చెప్పేరండి. అప్పటికి అంకెలింకా రాలేదు కదండీ."

"మీ తమ్ముడు ఏమీ చెప్పలేదా?"

ఆమె తలెత్తి చూసింది. "మా తమ్ముడి సంగతి అడిగేరు. మా మావయ్యగారి చేను ఆ కాలవ కిందే ఉందండి. అది అడగలేదు."

నేను లైబ్రరీనే మార్చాను. థీములో అక్షం కొలత రాస్తే అది చార్టు గీయకుండా ఆగి, ఆ వరుసను చూపిస్తుంది. అలాంటి కొలత కావాలన్నవారు ఆ చార్టు కోడులోనే, అందరికీ కనిపించేలా రాసుకోవాలి.

సంగతి తెలిసి వెంకటరత్నం వచ్చారు. "అంకె అబద్ధం కాదు కదండి బాబుగారూ. సముద్రం నీళ్లూ నీళ్లే కదండి." ఆగి, నవ్వారు. "మీ తాతగారి హయాంలో ఆ కాలవ గట్టు ఎవరి మాట మీద తెగేదో మా నాన్న చెప్పేవోడండి. అప్పుడు చార్టుల్లేవు."

అది నిజమే, గట్టు తెగేది మా తాతగారి మాట మీదే. "ఇప్పుడు ఉన్నాయి" అన్నాను.

ఆయన చేతిలోని ప్రింటు మీద నాకు నమ్మకం లేదు. కమిటీ సమావేశం రోజు సూర్యకుమారిని వెంటబెట్టుకుని ముమ్మిడివరం బస్సెక్కాను. అనుకున్నట్టే బల్లమీద ఉన్నది ఆ నీలి కాగితమే. దాన్నీ, మేము తెచ్చినదాన్నీ కలిపి కిటికీకి ఆనించి పట్టుకున్నాం. రెండిటి అక్షాల మీద ఉన్న కొలతలు సూర్యకుమారి చదివి చెప్పింది.

ఒక పెద్ద రైతు దగ్గరికొచ్చి చాలాసేపు చూశారు. "అయితే ఈ నీలం కాయితం మీద, మా చేను చచ్చిపోయినా గీత లేవదన్నమాట."

"ఆయ్, లేవదండి" అంది సూర్యకుమారి.

ఆ రోజు కొత్త చెరువులకు కమిటీ ఒప్పుకోలేదు. ఆ కమిటీ పని మాకు మళ్లీ రాలేదు. మేనేజరు ఆ సంగతి నాకు గుర్తుచేయడం మానలేదు. థీములో అక్షం ఉండకూడదన్న నియమం మాత్రం నేను పదవీ విరమణ చేసేవరకు ఆ లైబ్రరీలో ఉంది.

తప్పు అంకెను సరిచూసి పట్టుకోవచ్చు. సరైన అంకెను అణచిపెట్టిన కొలత సరిచూస్తే దొరకదు, అనుమానిస్తేనే దొరుకుతుంది. రంగు మాత్రమే మార్చమని ఎవరైనా మరీ మర్యాదగా అడిగితే, నేను ముందు అక్షం చూస్తాను.