రన్‌వే మీద ఆగిన ఓడ

ఆదివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మా ఆయన పనిచేసే ఓడ ఒక ఎడారి దేశపు విమానాశ్రయంలో, రన్‌వే మీద ఆగింది.

ఇది నేను కళ్ళారా చూశాను. ఓడల జాడ చూపించే యాప్ ఒకటి నా ఫోనులో ఉంది. నీలం రంగు సముద్రం మీద ఎర్ర చుక్క పాకుతూ ఉంటుంది. ఆ చుక్కే మా ఆయన నూనె ఓడ. అందులో ఆయన ఫిట్టరు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ చుక్కని చూసినంతగా నేను అద్దం కూడా చూసుకోలేదు. ఆ సాయంత్రం విజయనగరంలో మా వంటింట్లో మినప్పప్పు కడుగుతూ తడి వేలితో తెర జరిపాను. చుక్క నీళ్ళలో లేదు. వేలి తడి వల్ల ఫోను తికమక పడిందనుకుని కొంగుతో తుడిచాను. చుక్క కదల్లేదు. దాని చుట్టూ ఇసుక రంగు, పక్కన విమానం బొమ్మ.

రెండు రోజుల ముందే ఆయన ఒక సందేశం పంపారు. "ఇరుకు దారి దాటాలి. రెండు మూడు రోజులు ఫోను ఉండదు. కంగారు పడకు." కంగారు పడకు అని చెప్పడం కంటే కంగారు పెట్టే మాట తెలుగులో మరొకటి లేదు. ఆ ఇరుకు దారి హర్ముజ్ జలసంధి అని, దాని చుట్టూ దేశాలు కొట్టుకుంటున్నాయని నాకు తెలుసు. టీవీలో రోజూ ఒక రక్షణ నిపుణుడు పొడుగు కర్ర పట్టుకుని సరిగ్గా ఆ చోటే పొడుస్తున్నాడు.

భుజం మీదుగా మా అమ్మాయి హాసిని తొంగి చూసింది. రెండో తరగతి. మ్యాపులో విమానం బొమ్మ గుర్తుపట్టే వయసు.

"అమ్మా! నాన్న ఓడ దిగి విమానం దగ్గరికి వెళ్ళిపోయాడా? ఇంటికొచ్చేస్తున్నాడా?"

"అవునమ్మా," అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదు. నోరు మూయించడానికి అన్నానేమో. అది మాత్రం నోరు మూయకుండా వీధంతా తిరిగి చెప్పింది. నాలుగేళ్ళ తమ్ముడు రిషి వెనకాలే "నాన్న వచ్చీ, నాన్న వచ్చీ" అని గంట కొట్టినట్టు అరుస్తూ పరిగెత్తాడు. నేను చేసిన రెండో తప్పు అంతకన్నా పెద్దది. ఓడ పేరుతో సహా ఆ తెరని ఫోటో తీసి మా కుటుంబం వాట్సాప్ గుంపులో పెట్టి, "ఇదేమిటో ఎవరికైనా తెలుసా?" అని అడిగాను. బాబాయి "శుభం" అని రాశాడు. పిన్ని ఖర్జూరాలు తెమ్మంది. మేనమామ మంచి టార్చిలైటు కావాలన్నాడు.

ముంబైలోని కంపెనీ ఆఫీసుకి ఫోను చేస్తే, "అందరూ క్షేమం, వివరాలు చెప్పకూడదు" అన్నారు. క్షేమం అయితే వివరాలెందుకు దాచాలి? చివరికి అదే ఓడలో వంట చేసే నూకరాజన్న భార్య రత్నం వదినకి చేశాను. వాళ్ళది సోంపేట దాటాక సముద్రపు ఒడ్డున ఒక ఊరు. నేను ఓడ పేరు ఎత్తానో లేదో, ఆవిడ గొంతు మారిపోయింది.

"ఫోన్లో ఏటీ అడక్కు సెల్లీ. ఇంటికి రా, సెప్తాను." ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అలా మొదలైంది నా ప్రయాణం.

సోమవారం ఉదయం ఆరున్నరకి పిల్లల్ని పక్క వీధిలోని అక్క ఇంట్లో దింపాను. ఏడింటికి పలాస వెళ్ళే పాసింజరు. టికెట్టు నలభై రూపాయల లోపే. ఆ వైపు వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ పట్టండి. కుడివైపు కూర్చుంటే పొందూరు వచ్చేసరికి చెంప మీద అట్టు కాల్చుకోవచ్చు. నాకు కుడివైపే దొరికింది.

ఎదురుగా నల్ల ట్రంకు పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని ఒక జవాను. సెలవు మీద తిలారు దగ్గర సొంతూరికి వెళ్తున్నాడట. నెల్లిమర్లలో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. జనపనార మిల్లులో పనిచేసి మానేశానని చెప్పాడు. నేను ప్రతి రెండు నిమిషాలకీ ఫోను చూడడం గమనించి, "ఏటమ్మా, అందులో పాలు పొంగిపోతన్నాయా?" అన్నాడు.

ఇద్దరికీ విషయం చెప్పాను. ఓడ పేరు కూడా చెప్పబోతుంటే జవాను చెయ్యెత్తి ఆపాడు.

"అక్కా, పేరొద్దు. మా అమ్మతో ఇదే తంటా. వీడియో కాల్లో నా మొకం సూడదు, ఎనక గోడ సూస్తాది. గోడ రంగు మారితే నా పోస్టింగు మారిందని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతాది. ఇప్పుడు ఎనకాల దుప్పటి కట్టి మాటాడతన్నాను."

"ఊరుకుందా?"

"దుప్పటి మాసిపోనాది, ఉతకరేట్రా అంటాది."

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. "మాకు టీవీ అక్కర్లేదు బాబూ. పక్క దేశపోలు మనతో మూతి ముడిస్తే మిల్లుకొచ్చే నార బేళ్ళు సూసి సెప్పీసీవోళ్ళం. బేళ్ళు తగ్గితే ఢిల్లీలో ఏదో మాటొచ్చిందన్నమాటే."

"మరి ఓడ రన్‌వే మీద ఎందుకుంటుంది తాతా?"

ఆయన చీపురుపల్లి దాకా ఆలోచించాడు. "బరువు తూసుకోడానికేమో," అని గరివిడి నుంచి నోట్లో నానుతున్న వక్కని ఉమ్మి, అక్కడే దిగిపోయాడు.

ఎనిమిదిన్నరకి ఆమదాలవలస. ఒకావిడ వేడి ఇడ్లీలు ఆకులో పెట్టి అమ్ముతోంది. నేనూ ఒక పొట్లం కొన్నాను గానీ విప్పలేదు. జవాను నా పొట్లం కూడా తిని, తిలారులో దిగుతూ ట్రంకు భుజానికెత్తుకుని, "అక్కా, కబురు లేకపోవడం చెడ్డ కబురు కాదు. మాకు డ్యూటీ ఎక్కువున్నప్పుడే ఫోనుండదు," అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. అయితే డ్యూటీ ఎందుకు ఎక్కువైందో అని నేను పలాస దాకా భయపడ్డాను.

పలాసలో పది దాటింది. కాశీబుగ్గ బస్టాండులో సోంపేట బస్సు. ఆడవాళ్ళం ఆధార్ చూపిస్తే చాలు, డబ్బు అక్కర్లేదు. కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. జీడితోటలూ, కొబ్బరితోటలూ, ఎడమ చేతివైపు మబ్బులో మహేంద్రగిరి. ఇంకెప్పుడైనా అయితే ఈ దారి గురించి ఒక పేజీ రాసేదాన్ని. ఆ రోజు నేను చూసిందంతా ఫోను తెరే. ప్రతిసారీ ఓడ అదే రన్‌వే మీద, నిన్నటి చోటే.

సోంపేటలో ఆటో ఎక్కి పన్నెండుంబావుకి ఆ ఊరు చేరాను. ఊరి పేరు రాయనని మాటిచ్చాను. ఎవరికిచ్చానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

రత్నం వదిన గడప మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నా కంటే పదేళ్ళు పెద్ద. నన్ను చూడగానే లేచి, పలకరింపుకి ముందు చెయ్యి చాపింది.

"ఫోనియ్యి."

ఇచ్చాను. లోపలికి తీసుకెళ్ళి బియ్యం డబ్బా మూత తీసి, ఫోనుని నిలువునా బియ్యంలోకి దించి, మూతపెట్టింది. అప్పటికే అందులో రెండు ఫోనులున్నాయి.

"ఇప్పుడు మాటాడు. ఇది వింటాదంట. ఓడ మాటొస్తే ఈ ఊర్లో ఎవులింట్లోనైనా ముందు ఫోను బియ్యంలోకి పోవాల్సిందే."

"బియ్యంలో పెడితే వినపడదా?"

"వినపడితే బియ్యం ధర వింటాది. ముందు కూకుని తిను."

చేపల పులుసు, అన్నం. అన్నం ముద్ద గొంతు దిగేదాకా ఓడ ఊసెత్తనివ్వలేదు. తిన్నాక ఆవిడ మామగారు ఎర్రయ్య వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు ఓడల్లో సరంగుగా, అంటే డెక్కు మీది కూలీలకి పెద్దగా, పనిచేసి వచ్చిన మనిషి. నేను చెప్పిందంతా విని, "ఏదీ, సూపించు," అన్నాడు.

"ఎలగ సూపిస్తాది? ఫోను బియ్యంలో ఉన్నాది," అంది వదిన.

"అయితే తియ్యి."

"తీస్తే వింటాది."

"ఒసే రత్నం, నాను నోరెత్తను, ఏలితో సూపిస్తాను. సరేనా?"

కాసేపు వాదులాట జరిగాక ఫోను బియ్యం గింజలతో బయటికొచ్చింది. ఎర్రయ్య మావయ్య నోటికి అడ్డంగా తువ్వాలు పెట్టుకుని, రెండు వేళ్ళతో తెరని దగ్గరికి లాగాడు. నేనెప్పుడూ మా ఆయన చుక్కని తప్ప మరో చుక్కని నొక్కి చూడలేదు. పెద్దది చేస్తే, ఆ ఒక్క చుక్క కిందా పక్కనా ఇంకా చుక్కలున్నాయి. ఒక్కొక్కటే లెక్కపెట్టాను. పదకొండు ఓడలు. ఒకే రన్‌వే మీద.

ఫోను మళ్ళీ డబ్బాలోకి వెళ్ళాక ఆయన తువ్వాలు తీశాడు.

"పదకొండు ఓడలు ఒక్కపాలి గట్టెక్కి ఇమానాలతో కలిసి నిలబడ్డాయంటావా, కోడలా?"

"అక్కడ పార్కింగు ఉచితమేమో," అంది వదిన.

"పైనుంచి ఉపగ్రహం ఓడకి సెప్తాది, నువ్వు ఫలానా చోట ఉన్నావని. అక్కడ కొట్టుకుంటన్నోళ్ళు ఆ మాటకి అడ్డం పడి దొంగమాట సెప్తన్నారు. ఎదరోడి డ్రోనుకి దారి తప్పించడానికంట. మజ్జలో మన ఓడలక్కూడా ఆ దొంగమాటే ఇనిపిస్తాది. ఓడ కదల్లేదు తల్లీ. బొమ్మ పారిపోనాది."

"మరి వాళ్ళకి దారెలా తెలుస్తుంది?"

"రాడారుంది. దిక్సూచుంది. కళ్ళున్నాయి. నాను ఎక్కిన తొలి ఓడలో ఉపగ్రహమే లేదు. నాను ఎనక్కి రాలేదేటి?"

నాకు ఊపిరి ఆడింది. నవ్వొచ్చింది కూడా. నవ్వుతూనే, అడగకూడని ప్రశ్న అడిగేశాను. "అయితే ప్రమాదం ఏమీ లేనట్టే కదా, మావయ్యా?"

ఆయన తువ్వాలు మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"లేదని నానెలగ సెప్పగలను? ఊరికినే ఎవుడూ ఇలగ సెయ్యడు. దారి సన్నం, రెండేపులా కోపం. దాటీదాకా దాటినట్టు కాదు."

"మరి మీరింత ధైర్యంగా ఎలా ఉన్నారు?" అని వదినని అడిగాను.

"ఎవులు సెప్పినారు?" ఆవిడ చేట నా ముందుకి తోసింది. తెల్లగా, ఒక్క రాయి లేకుండా ఉంది. "మూడు రోజుల నుంచి ఇయ్యే బియ్యం ఏరతన్నాను."

అప్పుడు నేను వాట్సాప్ గుంపు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. "ఓడ పేరెట్టి, ఎక్కడుందో బొమ్మెట్టి, ఊరంతా చాటింపేసినావా? సదువుకున్నదానివి! నీ మొగుడొక్కడే ఉన్నాడేటి ఆ ఓడలో?" నేను బియ్యంలోంచి ఫోను తీసి ఆ ఫోటో తీసేసి, ఎవరూ ఎవరికీ పంపొద్దని గుంపులో రాసి, ఫోను మళ్ళీ బియ్యంలో గుచ్చాను. పిన్ని మాత్రం వెంటనే "అయితే ఖర్జూరాలు?" అని అడిగిందని తర్వాత చూశాను. ఈ ఊరి పేరు గానీ, ఓడ పేరు గానీ ఎక్కడా రాయనని అప్పుడే మాటిచ్చాను.

కోపం చల్లారాక వదిన అడిగింది. "పిల్లలకేటి సెప్పినావు?"

"నాన్న విమానం ఎక్కి వచ్చేస్తున్నాడని చెప్పాను."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "మా గుంట అడిగితే తెల్దని సెప్పీసినాను," అంది తన కూతురి గురించి.

"ఏడవలేదా?"

"ఏడిసింది. ఏడిసినాక బువ్వ తిన్నాది. నీ గుంట ఇప్పుడు ఏడవదు. గుమ్మం కాడ కూకుంటాది."

మూడింటికి బయల్దేరాను. ఎండు నెత్తళ్ళు ఒక పొట్లం కట్టి ఇచ్చింది. బస్సులో ఆ వాసనకి నా పక్క సీటు పలాస దాకా ఖాళీగానే ఉంది. ఈ దారిన ప్రయాణించేవాళ్ళకి ఇదొక ఉపాయం. అయిదుంబావుకి తిరుగు పాసింజరు. నౌపడ దాటాక అక్క ఫోను చేసింది.

"ఏమే, మరిదిగారు రేపొస్తున్నారా? హాసిని బళ్ళో టీచరుకి చెప్పి రేపటికి సెలవడిగిందట. ఇందాకే మీ ఇంటికొచ్చి ఆయన చెప్పులు కడిగి, గుమ్మంలో పెట్టి, వాటి పక్కనే కూర్చుంది. రిషిగాడు కూడా. అన్నానికి రావడం లేదు."

"అక్కా, ఆయన రావట్లేదు."

"అయ్యో! నేను చెప్పనా?"

"వద్దు. నేనే చెప్పాలి," అన్నాను.

ఆమదాలవలస వచ్చేసరికి చీకటి పడింది. ప్లాట్‌ఫారం మీద టీ స్టాలులో టీవీ నడుస్తోంది. కర్ర నిపుణుడు అదే సముద్రాన్ని పొడుస్తున్నాడు. ఆయన బాణం గుర్తులు గీసిన చోట మా నూకరాజన్న అన్నం వారుస్తూ ఉంటాడు, మా ఆయన ఏదో పైపు బిగిస్తూ ఉంటాడు. దేశాలు ఒకదానికొకటి పంపుకునే దొంగమాటలు ఎంత దూరం పోతాయో నాకు ఈ ప్రయాణంలో అర్థమైంది. హర్ముజ్‌లో ఎవడో చెప్పింది విని నేను విజయనగరంలో ఇంకోటి చెప్పాను. ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి పిల్లలు అక్క ఒళ్ళో నిద్రపోయారు.

మంగళవారం ఉదయం పళ్ళు తోముకోకుండానే హాసిని గుమ్మంలోకి పరిగెత్తింది. వెనకే రిషి. నేను వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను.

"నాన్న రావట్లేదమ్మా. విమానాశ్రయంలో లేడు. ఓడలోనే ఉన్నాడు. అమ్మ అబద్ధం చెప్పింది."

హాసిని చెప్పుల్ని ఒళ్ళోకి లాక్కుంది. "ఎందుకు చెప్పావ్?"

"భయమేసి."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉంది."

అది ఏడ్చింది. అక్క ఏడుస్తోంది కదా అని రిషి కూడా ఏడ్చాడు. నేను ఇద్దరినీ ఆపలేదు. కాసేపయ్యాక హాసిని ముక్కు గౌనుకి తుడుచుకుని, నా చేతిలోంచి ఫోను లాక్కుని చుక్కని చూపించింది. అది ఇంకా రన్‌వే మీదే ఉంది. ఇది రాస్తున్న ఈ రాత్రికి కూడా అక్కడే ఉంది.

"మరి ఓడ ఎక్కడుంది?"

"నాకు తెలియదు తల్లీ. ఈ ఫోనుకీ తెలియదు," అన్నాను. "నాన్నకి తెలుసు."