ఫోను ఎత్తిందెవరు

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు మా షోరూంలో అద్దాల అరలో పెట్టిన గ్లాసులు సన్నగా గలగలమంటాయి. కాళ్ల కింద నేల ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదులుతుంది. గోదావరిఖనిలో పుట్టినవాళ్లకు అది పక్కింటివాళ్ల దగ్గులాంటిది, ఎవరూ తలెత్తి చూడరు. నిన్న గ్లాసులు గలగలమన్నప్పుడు నేను ఒక ఆమెకు ఫ్రిజ్ గురించి చెబుతున్నాను. చెబుతున్నవాణ్ని ఆగిపోయాను. చప్పుడు సద్దుమణిగాక నాకంటే ముందు ఆమే మాట్లాడింది, తనకు అసలు ఏం కావాలో చెప్పేసింది. నాకు సుల్తానా మేడం గుర్తుకొచ్చింది. మాకు శిక్షణ ఇవ్వడానికి కరీంనగర్ నుంచి వచ్చిన తొలిరోజు ఆమె ఈ చప్పుడుకు ఉలిక్కిపడి కుర్చీ పట్టుకుంది. రెండో రోజు నుంచి దాన్ని పాఠంలో కలిపేసుకుంది. బ్లాస్టింగ్ కాగానే నోరు మూసుకుని మా ముఖాలు చూసేది. "చూసిండ్రా, నేను ఆగితే మీరు నన్ను మంచిగ చూస్తున్నరు. కస్టమర్ గూడ గంతే," అనేది.

ఆమె రాకముందు నేనెలాంటివాణ్నో చెప్పాలి. చదువు నాకు ఏడో తరగతిలో సెలవు చెప్పింది. నేనే దానికి చెప్పానని మా అమ్మ అంటుంది, ఆ తగవు ఇప్పటికీ తేలలేదు. తర్వాత ఆటోలో మైకు పట్టుకుని బజారంతా తిరుగుతూ ఆఫర్లు చెప్పాను. నా మాటలకు నవ్వి జనం షాపుకు వస్తున్నారని ఈ ఇంటి సామాన్ల షోరూంవాళ్లు నన్ను మార్కెటింగ్ టీంలోకి తీసుకున్నారు. ఏం చదివావని అడగలేదు, నేను చెప్పలేదు. నోరు నడుస్తోంది, ఇల్లు గడుస్తోంది. అంతలో కంపెనీ మా చేతుల్లో తలా ఒక ట్యాబ్ పెట్టింది. ఎవరికి ఫోన్ చేశాం, ఎవరు ఏం కొన్నారు, ఏ వారం ఏ సామాను ఎంత పోయింది, అన్నీ అందులో రంగురంగుల గీతలు. హైదరాబాద్ నుంచి పెద్ద సారు మీటింగుకు వస్తాడని, ఆ గీతలు చదివి చెప్పలేనివాళ్లు ఆ మీటింగు తర్వాత టీంలో ఉండరని మా మేనేజర్ శ్రీధర్ సార్ చెప్పాడు. అందరూ నా వైపు చూశారు, నేనేదో జోక్ వేస్తానని. వేశాను కూడా. ఆ సాయంత్రం ఇంటికెళ్లి అన్నం కలిపి అలాగే కూర్చుంటే, "ఉప్పెక్కువైందా?" అని అడిగింది మా ఆవిడ.

శిక్షణలో మొదటి రోజే మేడం ఒక మిక్సీని నా ముందుకు జరిపి, "భయ్యా, గిది నాకు అమ్ము," అంది. నాకు పండగే. మోటారు నుంచి మొదలుపెట్టి, దీంతో పట్టిన పచ్చడి తింటే అలిగి పోయిన అల్లుడు కూడా తిరిగొస్తాడనేదాకా చెప్పాను. నాతో పాటు ఫోన్లు చేసే పద్మ కడుపు పట్టుకుని నవ్వింది. మేడం కూడా నవ్వి, కళ్లద్దాలు తుడుచుకుని అడిగింది.

"మా ఇంట్ల ఎంతమంది?"

"అడగలె మేడం."

"నా పాత మిక్సీకి ఏమైంది?"

"అదీ అడగలె."

"మంచిగ నవ్విచ్చినవ్ భయ్యా. నవ్వుకుంట ఇంటికి పోత. మిక్సీ నీ కాడనే ఉంటది."

అలా అన్నా నాకు కోపం రాలేదు. నన్ను తక్కువ చేసి మాట్లాడే గొంతు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అది ఆ గొంతు కాదు. మరో రోజు అందరూ చాయ్‌కి వెళ్లినప్పుడు నేను ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పుతూ తెలిసినట్టు నటిస్తున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఎందాకా చదివావని అడగలేదు. కిటికీలోంచి దూరంగా కనబడే ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టలను చూపించి, "అవి గంత ఎత్తు ఎట్ల పెరిగినయ్?" అంది.

"డంపర్లు మట్టి పోసిన కొద్దీ పెరిగినయ్."

"గిది గూడ గదే. ఏ వారం ఎక్కువ అమ్మినవో ఆడ గుట్ట, అమ్మని కాడ పల్లం. ఇంగ్లీషును ఇడిచిపెట్టు, జర ఎత్తు చూడు."

చూశాను. అంతకుముందు పురుగులు పాకినట్టున్న గీతలు ఒక్కసారి గుట్టలై నిలబడ్డాయి. ఇది మార్చి, ఇది వాషింగ్ మిషన్లు, ఇక్కడ పెరిగింది, ఇక్కడ తగ్గింది అని వేలు పెట్టి చెబుతూ పోయాను. ఆమె తలూపుతూనే, "గుట్ట ఎంత ఎత్తున్నదో గిది చెప్తది. మట్టి ఏడికెల్లి వచ్చిందో చెప్పది. అది మనుషుల్ని అడగాలె," అంది. అప్పుడు ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు. గీతలు చదవడం వచ్చిన సంబరంలో ఉన్నాను.

ఆ మాటకు అర్థం సెంటినరీ కాలనీ ఫోన్ల దగ్గర తెలిసింది. అక్కడ గని కార్మికుల క్వార్టర్లు వరుసలు వరుసలుగా ఉంటాయి. పాత కస్టమర్ల నంబర్లన్నీ మా దగ్గర ఉన్నాయి, అయినా ట్యాబ్‌లో ఆ కాలనీ పేర్లన్నిటి పక్కన ఎర్రగా 'దొరకలేదు' అని ఉంది. "వాళ్లు ఫోనే ఎత్తరు మేడం," అంది పద్మ. మేడం ట్యాబ్‌ను దగ్గరకు తీసుకుని చూసింది. "ఎత్తకుంటే గీ కాల్ నడిచినట్టు ఎట్ల చూపెడ్తది? కొంచెమైనా మాట్లాడినట్టే ఉన్నది గద."

నేనే చెప్పాను. "ఎత్తుతరు మేడం. ఆడోళ్లు ఎత్తుతరు. సారు డ్యూటీల ఉంటడు. బొగ్గుబాయి లోపటికి ఫోను తీస్కపోనియ్యరు, ఇంట్లనే పెట్టి పోతరు."

"ఆడోళ్లు ఎత్తితే మీరేమంటరు?"

"సారున్నడా అమ్మా అంటం. లేడంటే పెట్టేస్తం."

"ఎందుకు?"

"క్వార్టర్ ఆయన పేరు మీద ఉంటది, నంబరు గూడ ఆయనదే గద మేడం."

ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. "మిక్సీల పచ్చడి సారే పడ్తడా?"

నవ్వలేకపోయాం. మా టీంలో సగం మంది గని కార్మికుల పిల్లలమే. మా ఇళ్లలోనూ నాయన డ్యూటీకి పోతే ఆయన ఫోను అమ్మే ఎత్తుతుంది. మా అమ్మలకు ఫోన్ చేసి, వాళ్లు పలకగానే పెట్టేస్తున్నామన్నమాట, పైగా దొరకలేదని రాసుకుంటున్నాం. ఆ రోజు నుంచి మేడం ట్యాబ్‌లో 'ఎవరు ఎత్తారు' అని ఒక కొత్త గడి పెట్టించింది. నాలుగు రోజులకు ఆ గడి నిండా ఆడవాళ్లే.

నేను చేసిన మొదటి ఫోను బాగా గుర్తుంది. "సారు డ్యూటీకి పోయిండు," అని ఆమె పెట్టేయబోతుంటే, "సారుతోని కాదక్కా, మీతోనే పని," అన్నాను. నాలుకను పళ్ల మధ్య పట్టుకుని ఆగాను. "నాతోనా? నాతోని ఏం పని?" అంది చివరికి. వాషింగ్ మిషన్ ఎందుకు తీసుకోలేదని అడిగాను. "ఆయన డ్యూటీ బట్టలు అండ్ల ఏస్తే పిల్లల యూనిఫాంలు గూడ నల్లగైతయ్ తమ్మీ. రెండు మిషన్లు పెట్టుకుంటే మేం ఏడ పండాలె?" అంది. నేను నవ్వి, డ్యూటీ బట్టలకు బకెట్‌ను అలాగే ఉంచుకొమ్మని, మిగతావాటికి మిషన్ సరిపోతుందని చెప్పాను. "ఇన్నేండ్ల సంది ఎవ్వడూ గీ మాట చెప్పలే," అని ఆదివారం భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన మిషన్ చుట్టూ తిరిగి, "సారున్నడా అని మా ఇంట్ల నన్నడిగేటోనివి నువ్వొక్కనివే ఉంటివి, గిప్పుడు నువ్వు గూడ పోతివి," అన్నాడు నాతో.

ఇక మీటింగు రోజు. పెద్ద సారు గోడ మీద తెర వేసి మా గుట్టలన్నీ చూపించాడు. వాషింగ్ మిషన్లు పైకి పోయాయి, మిక్సీలు పైకి పోయాయి. టీవీలు మాత్రం అమాంతం పల్లంలో పడ్డాయి. ఎందుకని అడిగాడు. శ్రీధర్ సార్ ఎదురు షాపు ఆఫర్ అన్నాడు. ఇంకెవరో ఎండలన్నారు. సారు వేలు నా మీద ఆగింది. "నువ్ చెప్పు, ఎందుకు పడ్డది?"

నోట్లో ఒక జోక్ తయారుగా ఉంది. వేస్తే అందరూ నవ్వుతారు, ప్రశ్న దాటిపోతుంది. బడిలో కూడా అలాగే దాటించేవాణ్ని. మూలన కూర్చున్న సుల్తానా మేడం నా వైపే చూస్తూ బల్ల మీద వేళ్లు పెట్టుకుని ఉంది.

"తెల్వదు సార్," అన్నాను. "అడిగి చెప్త."

"ఎప్పుడు?"

"గిప్పుడే సార్."

రామకృష్ణాపూర్‌లో మా పాత కస్టమర్ ఒకామె ఉంది. టీవీ చూసి వెళ్లింది, మళ్లీ రాలేదు. స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. "అక్కా, టీవీకి వస్తనన్నరు, రాకపోతిరి?"

"నీకేమన్న సోయి ఉన్నదా తమ్మీ? మా పోరనికి టెన్త్ పరీక్షలు. ఉన్న టీవీ వైరే పీకి బీరువాల పెట్టి తాళమేసిన. కొత్తది తెమ్మంటవా?"

గది గొల్లున నవ్వింది. "పరీక్షలైనంక రమ్మంటరా అక్కా?" అని అడిగి ఆగాను. "నువ్వు రావుడు ఏంది, ఆఖరి పరీక్ష రాసి వాడే మీ షాపుకు ఉరుకుతడు," అంది.

ఫోన్ పెట్టాక సారు అడిగాడు, "ఇంత చిన్న సంగతి ఎవరికీ యాదికి రాలేదా? నీకూ రాలేదా?"

"నాకు ఎట్లొస్తది సార్, నేను టెన్త్ దాకా పోలే. ఏడో తరగతిలనే ఆగిపోయిన." మాట బయటికి వచ్చేసింది. నేను దాచుకున్నదంతా అంతే, ఒక్క వాక్యం. సారు తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత శ్రీధర్ సార్‌తో, "పరీక్షలయ్యే దాకా టీవీ ఫోన్లు బంద్ చెయ్యండి. పరీక్షలైనంక ఆ ఇండ్లన్నిటికీ ఈయనతోనే చేయించండి," అన్నాడు. నన్ను ఉంచినట్టేనా అని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

బయట మెట్ల మీద మేడం నాకంటే ఎక్కువ అలసిపోయినట్టు కూర్చుని ఉంది. "భయ్యా, నా పానం పోయింది. నువ్వు జోక్ ఏస్తవేమో అని."

"ఏద్దామనే అనుకున్న మేడం."

"నాకు తెల్సు. నీ మూతి వంకర తిరిగింది." ఇద్దరం నవ్వుకున్నాం. ఫ్లాస్కులో మిగిలిన చాయ్ చల్లారిపోయింది, అయినా పంచుకుని తాగాం.

తర్వాత మేడం వేరే ఊరికి బదిలీ అయింది. రంజాన్‌కు ఫోన్ చేస్తే ఇప్పటికీ నా కబుర్లకంటే ముందు మా ఆవిడ గురించి, మా పాప గురించి అడుగుతుంది. టీంలో కొత్తగా చేరినవాళ్లకు ఇప్పుడు నేనే నేర్పిస్తున్నాను. వాళ్లలో డిగ్రీలున్నవాళ్లు ఉన్నారు, నన్ను మించి జోకులేసేవాళ్లు ఉన్నారు, వాళ్లంటే నాకు కొంచెం ఈర్ష్య కూడా. మీటింగుల్లో గోడ మీద ఏదో గీత పడిపోతుంది, ఎందుకని అడుగుతారు, అందరూ తలా ఒక కారణం చెబుతారు. నా వంతు వచ్చినప్పుడు నాకు తెలియకపోతే తెలియదనే అంటాను. మా నాయన గనిలో షిఫ్టు దిగాక నడుముకు కట్టుకున్న టోపీ లైటు బ్యాటరీ బరువును, లైట్లు జమచేసే లాంప్ రూం కిటికీలో అప్పజెప్పి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని కాసేపు ఊరికే నిలబడేవాడు. తెలియదు అన్న ప్రతిసారీ నేనూ బరువు దించుకున్నట్టు అలా నిలబడతాను, తర్వాత ఫోన్ అందుకుంటాను.