మావగారు అడిగిన జోల

మా మావగారు రాజోలు రేవులో పడవ నడిపేవారు. ఆయన కోపానికి రేవంతా హడలిపోయేది. అలాంటి మనిషికి డప్పుల మోతే నచ్చుతుందని అందరూ అనుకునేవారు. కానీ ఆ మోత వినబడితే ఆయన లేచి వెళ్లిపోయేవారు. నేను మా పాపకు జోల పాడుతుంటే మాత్రం గుమ్మం బయట తల వంచుకుని కూర్చునేవారు.

వరద తీసిన నెలలో జ్వరమొచ్చి పాప పోయింది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆయన గుమ్మం దగ్గర కూర్చుని, "ఒక్కసారి ఆ జోల పాడమ్మా," అన్నారు.

"ఎవరికని పాడనండీ, మావయ్యగారూ?"

"నాకేనమ్మా. నేను పుట్టగానే మా అమ్మ పోయింది. నాకెవరూ పాడలేదు."

"ఆయ్, పాడతానండీ," అన్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

"పోనీలేమ్మా," అని లేచి రేవుకి వెళ్లిపోయేరు.

ఆ తర్వాత ఆయన మూడేళ్లు బతికేరు. మళ్లీ అడగలేదు. నేనూ పాడలేకపోయాను.