బోర్డు మీద మా నాన్న స్కూటరు

పంతులమ్మను అవుతానని హూడిలో ఆఫీసు ఉద్యోగం వదిలేసినప్పుడు మా అమ్మ నాతో మాట్లాడటం మానేసి, నాకు వినపడేటట్టు గిన్నెలతో మాట్లాడింది. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేరులో తప్పులు వెతకడం. పొద్దున మా యలహంకలో బస్సెక్కితే నగరానికి ఆ కొసనున్న హూడి చేరేసరికి సగం ప్రాణం పోయేది, మిగతా సగం సాయంత్రం తిరుగు బస్సులో పోయేది. అది వదిలి బి.ఎడ్.లో చేరాను. బళ్లో లెక్కలు చెప్పాలని నా కోరిక. లెక్కలంటే భయం లేదు, పిల్లలంటే అంతకన్నా లేదు. తీరా చేరాక తెలిసింది, లెక్కల టీచరైనా సరే కళావిద్య అనే సబ్జెక్టు పాసవ్వాలట, పరిశీలకుల ఎదుట పిల్లలకు ఒక బొమ్మల పాఠం చెప్పి చూపించాలట. బొమ్మలంటే నాకు చచ్చేంత భయం. చిన్నప్పుడు నేను ఆవును వేస్తే మా ఇంట్లోవాళ్లు కుర్చీ బాగుందన్నారు.

కళావిద్య చెప్పే మేడం కోలారు వైపు మనిషి. తల ముగ్గుబుట్ట, నూలు చీర, కొంగు మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక. క్లాసులో కన్నడం, మా ఇంట్లో తెలుగు మాట్లాడతారని తెలిసిన దగ్గర్నుంచి నాతో మాత్రం తెలుగు. మొదటి రోజు మాకు తలా ఒక కాగితం ఇచ్చి, మీకు ఇష్టమైంది వేయండి అని బయటికి వెళ్లిపోయారు. తిరిగొచ్చి అందరి కాగితాలూ గోడకు వరసగా అంటించారు. గోడ నిండా ఒకటే బొమ్మ. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కిందికి జారే నది, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. మేమెవరమూ ఒకరి కాగితంలోకి ఒకరం తొంగి చూడలేదు.

"ఈ గుడిసెలో మీలో ఎవరుంటారు?" అని అడిగారు మేడం.

ఎవరూ చెయ్యెత్తలేదు. జిగణి నుంచి వచ్చే అమ్మాయి మెల్లగా, "మా వీధిలో కొండా లేదు, నదీ లేదు మేడం. ఫ్యాక్టరీ గోడ ఒకటే ఉంది" అంది. మేడం నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. మేమూ పగలబడి నవ్వాం. నాకైతే నెత్తిన పాలు పోసినట్టయింది, క్లాసు క్లాసంతా నాలాగే ఉందని.

నవ్వులయ్యాక మేడం అసలు సంగతి చెప్పారు. చిన్నప్పుడు ఎవరో టీచరు బోర్డు మీద ఈ బొమ్మ వేసి ఉంటారు, మీరు దించారు. ఇప్పుడు మీరు బడికి పోయి బోర్డు మీద ఏది వేస్తే పిల్లలు దాన్ని దించుతారు. పిల్లల చేతిలోంచి బొమ్మ రావాలంటే ముందు మీ చెయ్యి ఊరుకోవాలి. అందరికంటే గట్టిగా తలాడించింది నేనే.

పాఠాలు చెప్పే శిక్షణకు నన్ను వేసిన బడి యలహంక పాతవూరిలో, ఆరో తరగతి. విమానాల స్థావరం పక్కనే కాబట్టి ఆ బళ్లో ఒక పద్ధతి ఉంది. విమానం వస్తే టీచరు మాట మధ్యలో ఆపేసి, నోరు తెరిచింది తెరిచినట్టే నిలబడాలి. చప్పుడు దూరమయ్యాక ఆగిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకోవాలి. పిల్లలకు అది ఎంత అలవాటంటే, ఎక్కాలు అప్పజెబుతూ ఆగిపోయి, విమానం పోగానే అందరూ ఒక్క గొంతుతో మొదలుపెడతారు. ఆ బడి మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

నా బొమ్మల పాఠానికి కొండలు, నది పనికిరావని గట్టిగా అనుకున్నాను. పిల్లలు వాళ్ల ఇంటి బొమ్మ వేయాలి, అదీ నా పాఠం. ఉత్తినే వేయమంటే ఏం వేస్తారు పాపం, ఒక నమూనా చూపించాలి కదా అని మా ఇంటి ముందుభాగం నేర్చుకున్నాను. పాత క్యాలెండరు వెనకవైపు రోజూ గీయడమే. గేటు, తులసికోట, మేడ మీద నల్ల నీళ్లట్యాంకు, గేటు పక్కన మా నాన్న స్కూటరు. అది నడిచే స్కూటరు కాదు. స్టాండు విరిగి గోడకు వాలి ఉంటుంది. అయినా ఆదివారం ఆదివారం దాన్ని కడుగుతాడు. నేను గీస్తుంటే మా నాన్న వెనక నిలబడి చూసి, "అద్దం మరిచినావు" అని మాత్రం అని పోయాడు. ఉద్యోగం వదిలినందుకు ఆయన ఏమీ అనలేదు.

పాఠం రోజు మేడం వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. నేను బోర్డు మీద మా ఇల్లు వేశాను. తప్పు పోలేదు, స్కూటరు స్కూటరులాగే వచ్చింది. సరిగ్గా హ్యాండిలు దగ్గరుండగా విమానం వచ్చి ఉలిక్కిపడ్డాను. సుద్దముక్క జారి హ్యాండిలు నుంచి ఆకాశంలోకి ఒక గీత పడింది. అరచేత్తో తుడిస్తే సగమే పోయింది. తిరిగి చూసి, "ఇది మా ఇల్లు. ఇట్లాగే మీరు మీ ఇల్లు వేయండి" అన్నాను కన్నడలో. ఇక చూడాలి ఆ క్లాసును. గుసగుస లేదు, కదలిక లేదు. తల వంచిన వాళ్లు వంచినట్టే గీస్తున్నారు. ఇంత క్రమశిక్షణ తెచ్చిన టీచరు కర్ణాటకలో ఇంకొకరు ఉండరని మనసులో నన్ను నేనే మెచ్చుకున్నాను.

గంట కొట్టాక మేడం కాగితాలన్నీ వరండాలో నేల మీద పరిచారు. ప్రతి కాగితంలోనూ మా ఇల్లే. ప్రతి గేటు పక్కనా మా నాన్న స్కూటరే, అదే వైపు వాలి ఉంది. అన్నిటికీ అద్దం ఉంది. నేను తుడవలేకపోయిన ఆ గీత కూడా ఉంది. ఒకమ్మాయి స్కేలు పెట్టి మరీ కొట్టింది దాన్ని.

మేడం వంగి ఆ గీత మీద వేలు పెట్టారు. "ఇదేందమ్మా?"

"సుద్దముక్క జారింది మేడం."

"క్లాసు అంత నిశ్శబ్దంగా ఉండాది ఏంటికా అని నేను అప్పుడే అనుకుంటి," అన్నారు. కోపం లేదు, అదే నాకు ఇంకా కష్టమైంది. "మీ ఇల్లు బాగుండాది. పిల్లోళ్ల ఇండ్లు ఏవి? వచ్చే వారం ఇంకొకసారి వస్తాను. అప్పుడూ ఇట్లే ఉంటే నేను పాస్ చేయలేను. మళ్లా సంవత్సరం రావల్సిందే."

ఇంటికి వచ్చి అందరినీ తిట్టుకున్నాను. సుద్దముక్కను, విమానాన్ని, స్కేలు పెట్టిన పిల్లను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని నాకే తెలుసు, అయినా ఆపలేదు. మా అమ్మ రాగిపిండి జల్లిస్తూ అంతా విని, "హూడి ఆఫీసోళ్ల ఫోను నంబరు ఉండాదా, తుడిచేసినావా?" అని అడిగింది. నేను అన్నం తినకుండా లేచాను. ఇంకో సంవత్సరం అంటే అమ్మకు ఎదురు చెప్పడానికి నా దగ్గర మాట ఉండదు. టీచరు కావడం అన్నది అక్కడితో ముగిసిపోతుంది.

మరునాడు భోజనాల గంటలో పిల్లలు నా చుట్టూ మూగారు. మా ఇల్లు వేసినప్పట్నుంచి వాళ్లకు అది తెలిసిన ఇల్లయిపోయింది, ఎట్లా రావాలో చెప్పమని ఒకటే గొడవ. నేను బస్‌స్టాపు దగ్గర ఎడమకు అని మొదలుపెట్టానో లేదో, వాళ్లిళ్లకు ఎట్లా పోవాలో వాళ్లు మొదలుపెట్టారు. కోళ్ల అంగడి దగ్గర తిరగాలని ఒకడు, అక్కడ కాదు, నీళ్ల క్యాన్ల బండి ఆగేచోట అని ఇంకొకతె. చేతులు గాలిలో మలుపులు తిరుగుతున్నాయి. స్కేలు పెట్టి గీత కొట్టిన అమ్మాయి మాత్రం పలకలేదు. పావగడ వైపు నుంచి వచ్చిన తాపీపనివాళ్ల బిడ్డ, ఆ ఏడే బళ్లో చేరింది, ఇంట్లో తెలుగే.

"మా ఇంటికి ఎవురూ రాలేరు మిస్," అంది చివరికి. "లొకేషన్ పెట్టినా ఆటో రాదు."

"నేను రావల్లంటే ఎట్ల?" అన్నాను.

ఆ పిల్ల నేల మీద పుల్లతో గీయబోయి, ముందు నేనేమైనా గీసి చూపిస్తానేమోనని నా ముఖంలోకి చూసి ఆగింది. ఆగిన ఆ పుల్లను చూస్తుంటే నాకు ఒళ్లంతా వెలుగొచ్చినట్టయింది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నాళ్లూ నేను క్యాలెండరు వెనక వెతికింది ఇదే.

రెండోసారి పాఠానికి క్లాసులోకి రాగానే సుద్దముక్కల డబ్బా తీసుకెళ్లి మేడం చేతిలో పెట్టేశాను, నా చెయ్యి మీద నాకు నమ్మకం లేక. పిల్లలతో చెప్పాను. "నేను బోర్డు మీద ఏమీ వేయను. మీ ఇల్లు నేను చూడలేదు. బడి నుంచి మీ ఇంటికి దారి గీసివ్వండి. ఆ కాగితం పట్టుకుని నేను ఒక్కదాన్నే రావాలి, ఎవరినీ అడగకుండా."

అంతే, క్లాసు సంత అయింది. దారి మధ్యలో గుర్తొచ్చిన మలుపు కోసం కాగితానికి కాగితం అతికించేవాళ్లు, నీ వీధిలో ఆ చెట్టెక్కడిది అని పక్కవాణ్ని నిలదీసేవాళ్లు, కళ్లు మూసుకుని వేళ్లతో నడిచి చూసుకునేవాళ్లు. హెడ్‌మిస్ గారు తలుపులోంచి తొంగి చూసి, చివరి బెంచీలో మేడంను చూసి వెనక్కి తగ్గారు. నాకు నవ్వు ఆగడం లేదు. కాగితాల్లో కోళ్ల బోను ఉంది, కుట్టుమిషను అక్క కిటికీ ఉంది, ఎప్పుడూ తవ్వి ఉండే గుంత ఉంది, మొండిగోడ మీద నిలబడే మేకలు ఉన్నాయి. అందరి ఆకాశంలోనూ విమానం ఉంది, కానీ ఒకరి విమానం ఒకరిది కాదు. కొండ, సూర్యుడు ఎవరికీ గుర్తే రాలేదు.

మేడం అన్నీ చూసి పావగడ పిల్ల కాగితం చేతిలోకి తీసుకున్నారు. ఒక ఎత్తయిన అపార్టుమెంటు, ఇంకా కడుతున్నది. దాని వెనక రేకుల ఇళ్లు. దారి మలుపులో ఒక కుక్క. ఆ కుక్క అపార్టుమెంటు కంటే పెద్దది.

"లెక్కల టీచరువు కదా," అన్నారు. "ఇంత కుక్క ఎక్కడుండాది? నిష్పత్తి చెప్పలేదా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ పిల్ల అంత ఇష్టంగా వేసింది. "దారి సరైందో కాదో పోయి చూద్దాం రండి మేడం. చేరకపోతే మీరు నన్ను ఫెయిల్ చేయండి," అనేశాను. మేడం చేతిసంచి భుజానికి తగిలించుకుని లేచారు.

బడి వదలగానే ఆ పిల్లను ముందు ఇంటికి పంపేసి, కాగితం పట్టుకుని మేమిద్దరం బయలుదేరాం. కోళ్ల అంగడి వచ్చింది, నీళ్ల ట్యాంకరు నిలిచే చోటు వచ్చింది. కాగితంలో కుంకుమరంగు గోడ ఉంది, ఎదురుగా నిజంగా ఉంది. మేడం ఒక్కొక్కటి దాటుతుంటే వేలితో కాగితం మీద తడుముకుంటున్నారు. కడుతున్న అపార్టుమెంటు కూడా వచ్చింది, అంత పెద్ద కట్టడం గురించి మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు, కంకర కుప్పలు తప్పించుకోవడంలోనే ఉన్నాం. మలుపు తిరిగాం.

ఇసుక కుప్ప వెనక నుంచి లేచింది ఆ కుక్క. నల్లది. అరుస్తూ మా మీదికి వస్తుంటే దాని వెనక అపార్టుమెంటూ కనపడలేదు, ఆకాశమూ కనపడలేదు. నా పైప్రాణం పైనే పోయింది. రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మేడం కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఇటుకల వరస ఎక్కేశారు. నేను ఆమె కొంగు పట్టుకుని ఎక్కాను. లోపలి నుంచి పావగడ పిల్ల పరుగెత్తుకొచ్చి కుక్కను ఒక్క మాట అంది. అది తోక ఊపుకుంటూ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. చూస్తే మామూలు వీధికుక్క, ఆ పిల్ల మోకాలు దాటదు.

మేడం ఇటుకల మీద నిలబడే కాగితం తీసి, కుక్క వైపు ఒకసారి, బొమ్మ వైపు ఒకసారి చూశారు.

"నిష్పత్తి సరిగ్గానే ఉండాది," అన్నారు.

ముగ్గురం నవ్వాం. ఆ పిల్ల ఎందుకో తెలియకుండానే మా ఇద్దరికంటే ఎక్కువ నవ్వింది. "దారి తప్పలేదా మిస్?" అని మళ్లీ మళ్లీ అడిగింది. వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చింది. ఎవరూ రాలేని ఇంటికి బడి నుంచి ఇద్దరు టీచర్లు వచ్చారని పక్క రేకుల ఇళ్లవాళ్లందరూ వచ్చి చూసి పోయారు. ఆ పిల్ల మా పక్కన కూర్చోలేదు, తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ ఆ కాగితం చూపించింది.

తిరిగి వస్తూ ఉండబట్టలేక అడిగాను. "మేడం, పాసేనా?"

మేడం సంచిలోంచి ఖాళీ కాగితం, పెన్సిలు తీసి నాకిచ్చారు. "పిల్లోళ్లు అందరూ వేసినారు. నువ్వు వేయలేదు కదా. మీ ఇంటికి దారి గీయి. ఆదివారం భోజనానికి వస్తా. చేరితే పాస్."

బస్‌స్టాపు బెంచీ మీద కూర్చుని గీశాను. చెరిపింది లేదు, క్యాలెండరు వెనక నేర్చుకున్నదీ లేదు. ఇడ్లీ అమ్మే అక్క గొడుగు ముందు వచ్చింది, దాన్ని చాలా పెద్దగా వేశాను. ఆ వెనక మసీదు చిన్నదయింది. అట్లే ఉండనిచ్చాను.

ఆదివారం మా అమ్మ సంగటి, నాటుకోడి పులుసు చేసి, చల్లారిపోతుందని సణుగుతూ గేటు దగ్గర నిలబడింది. నేను ఆమె వెనక నిలబడ్డాను. నాన్న స్కూటరు కడుగుతున్నాడు. మేడం మధ్యాహ్నపు ఎండలో కాగితం ముందు పట్టుకుని వీధి చివర తిరిగారు. గేటు దాకా వచ్చి మమ్మల్ని పలకరించలేదు. స్కూటరు ముందు ఆగి, వంగి, అద్దం వైపు చూశారు.

"దీన్ని నేను ముందే చూసుండాను," అన్నారు మా నాన్నతో. "ఆరో క్లాసు పిల్లోళ్లంతా వేసినారు. బాగా వేసినారప్పా."

నాన్నకు ఏమీ అర్థం కాలేదు, అయినా ముఖం విప్పారింది. తడిచేత్తోనే అద్దాన్ని ఇంకోసారి తుడిచాడు. అమ్మ నా వైపు తిరిగి, "దావ ఎవురు చెప్పినారు ఆమెకి?" అంది.

"నేనే గీసిచ్చినా."

అమ్మ మేడం చేతిలోని కాగితం అడిగి తీసుకుంది. మా వీధి, గొడుగు, మసీదు, మేకలు, చివరన మా గేటు, గేటు దగ్గర ఒక మనిషి. "ఇది నేనా?" అంది.

నువ్వేనన్నాను. ఆ కాగితం ఇప్పుడు మా వంటింట్లో, ఆ పాత క్యాలెండరు వేలాడిన మేకుకే ఉంది.